గ్రీకు దీవుల్లో వారం రోజుల తెరచాప యాత్ర: తిరుగు దారి నుంచి మొదలుపెట్టవలసిన లెక్క

గ్రీసు చిన్న దీవుల మధ్య బృందంగా తెరచాప పడవలో వారం రోజులు గడపాలనుకునేవారు సాధారణంగా ముందు ఒక జాబితా రాసుకుంటారు. మికొనోస్, పారోస్, నాక్సోస్, సాంతోరిని అంటూ ఫొటోల్లో చూసిన పేర్లన్నీ అందులో చేరతాయి. నెల, పడవ, మనుషులు, డబ్బు అన్నవాటి గురించి ఆలోచన ఆ తరువాతే మొదలవుతుంది. నా దృష్టిలో ఈ వరుసే తలకిందులు. ఇలాంటి యాత్రలో ఏమాత్రం కదలనిది ఒక్కటే, పడవను తిరిగి అప్పగించవలసిన గడువు. అద్దె ఒప్పందాలు చాలావరకు శనివారం నుంచి శనివారానికి ఉంటాయి. శనివారం సాయంత్రం 5 గంటల ప్రాంతంలో పడవ చేతికి వస్తుంది. మరుసటి శుక్రవారం సాయంత్రానికల్లా దానిని బయలుదేరిన రేవుకే చేర్చి, ఆ రాత్రి అందులోనే పడుకుని, శనివారం ఉదయం ఖాళీ చేయాలి. అంటే ఏడు రాత్రులకు డబ్బు కట్టినా సముద్రం మీద గడిపేది ఆదివారం నుంచి శుక్రవారం వరకు ఆరు పగళ్లే, వాటిలోనూ చివరిది పూర్తిగా తిరుగు ప్రయాణానిదే. అందుకే తిరిగి వచ్చే దారిని ముందు గీసుకుని, వెళ్లే దారిని దానికి అమర్చుకోవాలి. దీవుల పేర్లు అన్నిటికంటే చివర రావాలి. ఇలా ఎందుకు చెప్పవలసి వస్తున్నదో తెలియాలంటే అక్కడి గాలి సంగతి తెలియాలి.

గ్రీసు ప్రధాన భూభాగానికి తూర్పున ఏజియన్ సముద్రం, పడమట అయోనియన్ సముద్రం ఉన్నాయి. ఏజియన్‌లో వేసవి అంతా ఉత్తర దిక్కు నుంచి వీచే గాలిని ఇప్పుడు మెల్టెమి అంటున్నారు. ప్రాచీనులు ఎటేసియన్ గాలులు అన్నది వీటినే. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ తన నగర ప్రజలను హెచ్చరిస్తూ, మాసిడోనియా రాజు ఫిలిప్ ఈ గాలులు వీచే కాలాన్నో, చలికాలాన్నో చూసుకుని దండెత్తుతాడని, అప్పుడు మన ఓడలు ఉత్తరానికి సకాలంలో చేరలేవని చెప్పాడు. ఒక రాజు తన యుద్ధ వ్యూహాన్నే ఈ గాలిని నమ్ముకుని నడిపించాడంటే, ఆగస్టులో అద్దె పడవలో వెళ్లే పర్యాటకుడు దానిని చిన్న విషయంగా తీసుకోవడానికి వీలులేదు.

ఈ గాలికి కారణమైన వాతావరణ వ్యవస్థలో ఒక కొస మన దేశం మీదనే ఉంది. వేసవిలో దక్షిణాసియా భూభాగం వేడెక్కి, నైరుతి రుతుపవనాలు బలపడేకొద్దీ, వాయవ్య భారతం, పాకిస్తాన్‌ల మీద ఏర్పడే అల్పపీడనం ఇరాన్, ఇరాక్‌ల మీదుగా ఇప్పటి టర్కీ వరకు చాచుకుంటుంది. అదే సమయంలో బాల్కన్ ప్రాంతం మీద అధిక పీడనం నిలిచి ఉంటుంది. ఈ రెండింటి మధ్య నలిగే గాలి ఏజియన్ మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి పరుగెత్తుతుంది. అంతేకాక, రుతుపవన మేఘాల్లో పైకి లేచిన గాలి తూర్పు మధ్యధరా ప్రాంతం మీద కిందికి దిగడానికి కూడా ఈ వ్యవస్థే తోడ్పడుతుంది, అలా దిగే గాలిలో మేఘాలు నిలవవు. కాబట్టి తెలుగు నేల మీద వానలు పడే జూలై, ఆగస్టు నెలల్లోనే ఏజియన్‌లో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి మాత్రం ఉద్ధృతంగా వీస్తుంది. బంగాళాఖాతం తీరంలో పెరిగినవారికి గట్టి గాలి అంటే ముందుగా నల్లబడిన ఆకాశం గుర్తుకు వస్తుంది. మెల్టెమి అలాంటి సూచన ఏదీ ఇవ్వదు. పొద్దున రేవులో కూర్చుని నీలాకాశాన్ని చూసి ఈరోజు ప్రశాంతంగా ఉంటుందని అనుకోవడం ఇక్కడ పనికిరాదు, అంచనాల పట్టికనే చూడాలి. గ్రీకు జాతీయ వాతావరణ సంస్థ సముద్ర సూచనలను, గ్రీకు సముద్ర పరిశోధన కేంద్రం పొసైడన్ అనే వ్యవస్థ ద్వారా గాలి, అలల అంచనాలను ప్రజలకు అందిస్తున్నాయి.

గాలి బలాన్ని బోఫోర్ట్ కొలమానంలో చెబుతారు. 4 అంటే గంటకు 11 నుంచి 16 నాటికల్ మైళ్ల (ఒక నాటికల్ మైలు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి, సెలవు మీద వచ్చినవారికి హాయిగా ఉండే గాలి ఇదే. 7 అంటే 28 నుంచి 33 నాటికల్ మైళ్లు, అంటే గంటకు 50 కిలోమీటర్ల పైమాటే. ఈ రెండు అంకెలను పక్కపక్కన చూస్తే గాలి రెట్టింపు అయినట్టు మాత్రమే కనిపిస్తుంది, కానీ తెరచాప మీద పడే ఒత్తిడి గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. మెల్టెమి తరచుగా 5, 6 స్థాయిల్లో వీస్తుంది, మధ్య ఏజియన్‌లో కొన్ని రోజులు 7నూ దాటుతుంది. ఒకసారి మొదలైతే ఒక్క రోజులో ఆగవచ్చు, వారం వరకూ సాగవచ్చు. యాత్రే వారం రోజులైనప్పుడు దీని అర్థం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే కొత్తవారు పొరబడే విషయం మరొకటి ఉంది. ఉత్తరపు గాలి వీస్తున్నప్పుడు కొండలున్న దీవికి దక్షిణాన చేరితే మరుగు దొరుకుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలలు తగ్గే మాట నిజమే, కానీ ఎత్తైన కొండను దాటిన గాలి అవతలి వాలు మీదుగా జారి, దెబ్బలు దెబ్బలుగా సముద్రం మీద పడుతుంది. అప్పుడు ఆ దక్షిణపు ఖాతంలో గాలి బయటి సముద్రంలో కంటే ఎక్కువగా ఉండవచ్చు. నీరు నున్నగా కనిపిస్తుంది, పడవ మాత్రం లంగరు గొలుసు మీద అటూ ఇటూ ఊగిపోతుంటుంది. అలాగే రెండు దీవుల మధ్య సందుల్లో గాలి ఇరుకై వేగం పుంజుకుంటుంది. ఎవియా, ఆంద్రోస్‌ల మధ్య ఉన్న కఫిరెయస్ జలసంధికి నావికుల్లో ఉన్న చెడ్డపేరుకు కారణం ఇదే.

ఇప్పుడు తిరుగు దారి లెక్కకు వద్దాం. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు, గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుతూ ముందుకు సాగాలి. అందువల్ల పటంలో 20 నాటికల్ మైళ్లుగా కనిపించే దూరం ఎదురుగాలిలో కనీసం 28 మైళ్లు అవుతుంది. మామూలు అద్దె పడవ గంటకు 5 మైళ్లు నడుస్తుందనుకుంటే, నాలుగు గంటల ప్రయాణం దాదాపు ఆరు గంటలు పడుతుంది, అదీ అలలు వేగాన్ని తగ్గించకపోతేనే. ఇంజను వేసుకుని సూటిగా వెళ్లవచ్చు కదా అంటే, 6వ స్థాయి గాలిలో, ఎదురు అలల్లో చిన్న ఇంజను పడవను ముందుకు నెట్టడానికే అవస్థ పడుతుంది, లోపల ఉన్నవారి అవస్థ అంతకంటే ఎక్కువ.

ఏథెన్స్ నుంచి సాంతోరినికి వెళ్లి రావాలన్న ఆలోచన ఈ లెక్క దగ్గరే విఫలమవుతుంది. వెళ్లేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక మధ్య ఏజియన్‌లోని సిక్లడీస్ దీవులు ఒకదాని తరువాత ఒకటి సులువుగా దాటిపోతాయి, బృందంలో ఉత్సాహం పెరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు సుమారు 120 మైళ్లు ఆ గాలికే ఎదురు రావాలి, పైగా గురువారం గాలి పెరిగితే శుక్రవారం గడువు కోసం రేవులో ఉండవలసిన వాతావరణంలో బయలుదేరాలన్న ఒత్తిడి మొదలవుతుంది. సముద్రంలో జరిగే చెడు నిర్ణయాల వెనుక చాలాసార్లు ఉండేది ఈ క్యాలెండరే. పైగా సాంతోరిని అగ్నిపర్వత బిలంలో నీటి లోతు చాలాచోట్ల 300 మీటర్లకు పైనే ఉంటుంది, అక్కడ లంగరు వేయడం కుదరదు. దక్షిణాన ఉన్న వ్లిహాదా అనే చిన్న రేవులో చోటు దొరకాలి. ఆ దీవిని చూడాలన్న కోరిక బలంగా ఉంటే యాత్రకు ముందో తరువాతో ఫెర్రీలో వెళ్లి రెండు రోజులు ఉండి రావడం మంచిది. సిక్లడీస్‌కే వెళ్లాలనుకుంటే ఏథెన్స్‌కు ఆగ్నేయంగా ఉన్న లావ్రియో రేవు నుంచి బయలుదేరి, దగ్గరలోని కేయా, కిత్నోస్, సెరిఫోస్‌ల వరకు వెళ్లి, బుధవారం సాయంత్రానికల్లా వెనక్కు తిరిగే విధంగా అనుకోవడం వివేకం. కిత్నోస్‌లోని కొలోనా ఖాతంలో సన్నని ఇసుక కట్ట రెండు వైపుల నీళ్లను విడదీస్తూ ఉంటుంది, చూడవలసిన చోటు.

మొదటిసారి వెళ్లే బృందానికి నేను గట్టిగా చెప్పేది సారోనిక్ అఖాతం. ఏథెన్స్ నగర తీరంలోని అలిమోస్ రేవు నుంచే బయలుదేరవచ్చు, అటికా, పెలొపొనీస్ భూభాగాలు రెండు వైపులా అడ్డుగా ఉండడం వల్ల మెల్టెమి ఇక్కడికి చాలావరకు బలం తగ్గి చేరుతుంది, దూరాలు చిన్నవి. ఈ అఖాతపు గాలులకు స్థానికమైన వేళలు ఉన్నాయని ప్రాచీనులకూ తెలుసు. క్రీ.పూ. 480లో సలామిస్ జలసంధిలో పర్షియన్ నౌకాదళాన్ని ఎదుర్కొన్నప్పుడు, రోజూ ఒక వేళకు సముద్రం మీది నుంచి లేచే గాలి, అలల కోసం ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ ఆగి యుద్ధం మొదలుపెట్టాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఎత్తైన పర్షియన్ నావలు ఆ గాలికి తిరిగిపోయాయి, పొట్టిగా ఉన్న గ్రీకు నావలు నిలబడ్డాయి. అలిమోస్ నుంచి ఏజినాకు వెళ్లే పడవకు కుడివైపున కనిపించేది ఆ సలామిస్ దీవే.

ఆదివారం ఏజినా దాకా సుమారు 17 మైళ్లు. 1828లో స్వతంత్ర గ్రీసు ప్రభుత్వం మొదట కొలువుదీరింది ఈ చిన్న పట్టణంలోనే, ఇక్కడి పిస్తా తోటలకు దేశమంతటా పేరుంది. దక్షిణ కొసన పెర్దికా అనే జాలరి పల్లెలో రాత్రి ఆగితే జనసందోహం కొంత తగ్గుతుంది. సోమవారం పోరోస్. దీవికీ ఎదుటి గలటాస్ గ్రామానికీ మధ్య సన్నని కాలువలా ఉండే నీటిలోకి పడవ ప్రవేశించడమే ఒక అనుభవం. మంగళవారం హైడ్రా, బుధవారం స్పెట్సెస్ లేదా ఎర్మియోని. 1821 స్వాతంత్ర్య యుద్ధంలో తన సొంత ఓడలను నడిపించిన బుబులీనా స్పెట్సెస్ దీవి స్త్రీ, ఆమె ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. గురువారం మళ్లీ పోరోస్ వరకు వస్తే, శుక్రవారం అలిమోస్‌కు మిగిలేది 30 మైళ్ల లోపే, గాలి ఎదురైనా ఒక పగటిలో దాటగలిగే దూరం. ఈ దారిలో ఏ రోజు ఆగిపోవలసి వచ్చినా ఏజినా, పోరోస్, హైడ్రాల నుంచి ఏథెన్స్ రేవు పిరేయస్‌కు ఫెర్రీలు ఉంటాయన్న ధీమా కూడా తక్కువదేమీ కాదు.

పడమటి వైపు అయోనియన్‌లో లెఫ్కాదా నుంచి బయలుదేరి మెగనీసి, కాలమోస్, ఇథాకా, కెఫలోనియాలోని ఫిస్కార్దో చుట్టి రావడం ఇంతకంటే తేలిక. అక్కడ మధ్యాహ్నం వాయవ్యం నుంచి లేచే మాయిస్ట్రో గాలి సాయంత్రానికి సద్దుమణుగుతుంది, ఒక మజిలీకీ మరో మజిలీకీ మధ్య దూరం పది మైళ్ల చుట్టుపక్కలే. కెఫలోనియాలో ఎక్కువ ఊళ్లను నేలమట్టం చేసిన 1953 భూకంపం ఫిస్కార్దోను వదిలిపెట్టింది కనుక పాత వెనీషియన్ కాలపు ఇళ్లు అక్కడ ఇంకా కనిపిస్తాయి. సెప్టెంబరు రెండో సగంలో మాత్రం ఇక్కడ జాగ్రత్త అవసరం. 2020 సెప్టెంబరులో తుపానును పోలిన ఇయానోస్ అనే వాయుగుండం ఈ దీవులనే దెబ్బతీసింది. ఏజియన్‌లోనే టర్కీ తీరం పక్కనున్న డోడెకనీస్, ఉత్తరాన ఉన్న స్పొరేడ్స్ దీవులు రెండోసారి వెళ్లేవారికి.

గాలి తరువాత కష్టం రేవులో. ఒక మేలు ఉంది, విశాఖ తీరంలో మీటరుకు పైగా ఉండే ఆటుపోట్ల తేడా ఏజియన్‌లో చాలాచోట్ల 30 సెంటీమీటర్ల లోపే, అందువల్ల పడవ గట్టుకు కట్టాక నీటి మట్టం గురించి బెంగ ఉండదు. అయితే గ్రీకు దీవుల రేవుల్లో పడవను గట్టుకు పక్కగా ఆనించరు. గట్టుకు మూడు, నాలుగు పడవల పొడవు దూరంలో ముందువైపు నుంచి లంగరు జారవిడిచి, గొలుసు వదులుతూ వెనక్కు నడిపించి, వెనుక భాగాన్ని రెండు తాళ్లతో గట్టుకు కడతారు. తరువాత ఒక పలక వేసుకుని దిగుతారు. పక్కగాలి వీస్తుండగా, రెండు పడవల మధ్య సందులోకి, గట్టు మీద అందరూ చూస్తుండగా ఈ పని చేయడం ఎంత సాధన చేసినవారికైనా పరీక్షే. హైడ్రా రేవు మరీ చిన్నది. మోటారు వాహనాలు నిషేధించి, గాడిదల మీదనే సామాను మోసే ఆ ఊరు అందంగా ఉంటుంది కనుక అందరూ అక్కడికే వస్తారు, వేసవిలో పడవల ముందు పడవలు మూడు వరుసలుగా కట్టుకుంటాయి, ఉదయానికి ఒకరి గొలుసు మీద మరొకరి లంగరు చిక్కుకుని ఉంటుంది. మధ్యాహ్నం లోపే చేరుకోవడం, లేదా ఎర్మియోనిలో పడవ కట్టి అక్కడి నుంచి ఫెర్రీలో హైడ్రా చూసి రావడం, ఈ రెండింటిలో రెండోదే నాకు నచ్చిన పద్ధతి. బయటి ఖాతాల్లో లంగరు వేసేటప్పుడు ఇసుక తెల్లగా కనిపించే చోటు చూసుకోవాలి. ముదురు రంగులో కనిపించేది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి, అందులో లంగరు సరిగా పట్టదు, పట్టినా పెరగడానికి ఎన్నో ఏళ్లు పట్టే ఆ గడ్డిని పెకలించేస్తుంది.

పడవ నడిపేది ఎవరన్నది తేలితే మిగతా చాలా సంగతులు వాటంతట అవే తేలతాయి. బృందమే నడుపుకుంటే గ్రీకు రేవు అధికారులు గుర్తించే లైసెన్సు ఉన్నవారు ఒకరు, తెరచాప పడవ అనుభవం ఉన్న రెండోవారు ఒకరు తప్పనిసరి. లైసెన్సు లేకపోతే రుసుము మీద పడవ నడిపే స్కిప్పర్‌ను తీసుకోవచ్చు. మరో పద్ధతి ఫ్లొటిల్లా, అంటే పలు పడవలు నిర్వాహకుల పడవ వెంట ఒకే దారిలో సాగడం. దానిలో కూడా ఎవరి పడవకు వారే బాధ్యులు, కానీ సాయంత్రం రేవులో తాడు అందుకోవడానికి, ఇంజను మొరాయిస్తే చూడడానికి మనుషులు ఉంటారు. ఒక్క క్యాబిన్ మాత్రమే కొనుక్కుని అపరిచితులతో కలిసి వెళ్లడం నాలుగో దారి.

స్కిప్పర్ రుసుము రోజుకు సుమారు 200 యూరోలు, భోజనం అదనం. ఇక్కడ చాలామంది మరిచిపోయే లెక్క ఒకటి ఉంది. ఎనిమిది మంది పట్టే పడవలో ఒక పడక స్కిప్పర్‌ది, కాబట్టి ఖర్చు పంచుకునేది ఏడుగురే, తలకు వారానికి ఈ ఒక్క పద్దు కిందే 200 యూరోలు పడుతుంది. దీనికి ఇంధనం, చివరి శుభ్రత, రేవుల రుసుములు, నీళ్లు చేరతాయి. 7 మీటర్ల కంటే పొడవైన వినోద నౌకల మీద 2019 నుంచి వసూలవుతున్న గ్రీకు ప్రభుత్వ రుసుము అద్దెలో కలిసి ఉందో లేదో ముందే అడగాలి. పడవకు నష్టం జరిగితే మినహాయించుకునేందుకు సాధారణంగా కొన్ని వేల యూరోల పూచీ సొమ్మును కార్డు మీద నిలిపి ఉంచుతారు. అది ఎవరి కార్డు మీద, నష్టం జరిగితే ఎవరెవరు ఎంత భరిస్తారు అన్నది బయలుదేరక ముందే రాసుకున్న స్నేహాలు వారం తరువాత కూడా నిలుస్తాయి.

మన కుటుంబాల్లో పెద్దవారి మాటకు విలువ ఎక్కువ, అది మంచి సంప్రదాయమే. పడవ మీద మాత్రం వెళ్లాలా ఆగాలా అన్న మాట స్కిప్పర్‌ది. ఆయనకు పాతికేళ్లే ఉండవచ్చు, బృందంలో బాబాయిలు, మామయ్యలు ఉండవచ్చు. అయినా ఈరోజు కదలం అని అతను అన్నప్పుడు బతిమాలడం, డబ్బు కట్టామని గుర్తుచేయడం సరి కాదు. చట్టం కూడా పడవలోని ప్రాణాల బాధ్యతను అతని మీదే పెట్టింది. ఈ సంగతి పెద్దలకు ఇంటి దగ్గరే వివరించి తీసుకువెళ్లాలి.

లోపలి జీవితానికి కొంత సిద్ధపాటు కావాలి. సిక్లడీస్ వంటి దీవుల్లో మంచినీరే కరువు, పడవలోని ట్యాంకు సుమారు 500 లీటర్లు అనుకుంటే ఎనిమిది మందికి మూడు రోజులకు తలకు రోజుకు 20 లీటర్లే వస్తాయి. మరుగుదొడ్డి గొట్టాలు సన్ననివి, కాగితం వేస్తే మూసుకుపోతాయి. గట్టుకు కట్టి కరెంటు తీసుకుంటే తప్ప ఏసీ నడవదు, ఆగస్టు రాత్రుల్లో ఇది చిన్న విషయం కాదు.

భోజనం విషయంలో శాకాహారులు భయపడవలసిన పని లేదు. గ్రీకు ఆర్థొడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు మాంసం, పాలు, గుడ్లు మానేసి ఉపవాసం పాటిస్తారు కనుక కూరగాయల వంటలకు అక్కడ పాత సంప్రదాయం ఉంది. పసుపు పప్పును మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇచ్చే ఫావా మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం. పెద్ద చిక్కుడు గింజల గిగాంతెస్, కూరగాయల బ్రియామ్ కూడా చిన్న హోటళ్లలో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త, వారి ఉపవాస నియమంలో రొయ్యలు, ఆక్టోపస్ వంటివి నిషిద్ధం కావు, అందువల్ల ఉపవాసపు వంట అనగానే శాకాహారమని అనుకోకుండా అడిగి తెలుసుకోవాలి. పడవలో వండుకునేవారు చిన్న ప్రెషర్ కుక్కర్ వెంట తీసుకువెళ్లడం మంచిది, గ్యాస్ కలిసివస్తుంది, ఒలకదు. తాలింపు మాత్రం పడవ నిలిచి ఉన్నప్పుడే వేయాలి, ప్రయాణంలో కాగిన నూనె పొయ్యి మీద ఉండకూడదు.

ఈత రానివారు బృందంలో ఉంటే ఆ మాట పడవ ఎక్కిన మొదటి సాయంత్రమే స్కిప్పర్‌కు చెప్పాలి, ఎవరి లైఫ్ జాకెట్ వారు తొడుక్కుని పట్టీలు సరిచేసుకుని చూడాలి. పిల్లలకు తగిన కొలతవి పడవను ఖాయం చేసుకున్నప్పుడే అడగాలి. సముద్రపు వికారానికి మందు వేసుకునేవారు వైద్యుని సలహాతో బయలుదేరక ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక అది అంతగా పనిచేయదు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి, గ్రీసుతో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా కావాలి. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉంటున్న తెలుగువారికీ ఇదే నియమం, జర్మనీ వంటి షెంగెన్ దేశపు నివాస అనుమతి ఉన్నవారికి మాత్రం అవసరం లేదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. డోడెకనీస్ వైపు వెళ్లే బృందాలకు ఇందులో ఒక చిక్కు ఉంది. కోస్ దీవి నుంచి టర్కీ తీరం కొద్ది కిలోమీటర్లే కనుక ఒక పూట అక్కడికి వెళ్లి వద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. టర్కీ షెంగెన్ పరిధిలో లేదు కనుక, వీసా ఒక్క ప్రవేశానికి మాత్రమే ఇచ్చినదైతే, టర్కీలో అడుగు పెట్టినవారు పడవ దగ్గరికి తిరిగి రాలేరు. అందరి వీసాల మీద ప్రవేశాల సంఖ్య ఎంత ఉందో బృందంలో ఒకరు ముందే చూసి ఉంచాలి.